నా జకాత్‌కు అర్హులు కావలెను

ముందే చెబుతున్నాను, మీరు నవ్వుకోవడానికే ఇది రాస్తున్నా, రాస్తున్నంతసేపూ నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఒక రమజాన్ నెలలో నేను చేసిన ఘనకార్యం వల్ల మా ఇంటిల్లిపాదీ తినకూడని తిండి తిన్నాం. మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ మా గుమ్మం ముందు చెప్పులు వదిలేసి ఉత్తకాళ్లతో వెళ్లిపోయాడు. ఒక మంచి మనిషికి పండుగ సీజన్ సంపాదన మొత్తం పోయింది. ఇన్ని పనులు ఒంటిచేత్తో చేయాలంటే బాగా చదువుకుని ఉండాలి. నేను టీచర్‌ని.

నా పేరు షాహీన్. నారాయణఖేడ్‌లో ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన హమీద్‌కు బస్టాండు వైపు బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. ఎండాకాలం వచ్చి మనూర్, కల్హేర్ వైపు బోర్లలో నీళ్లు అడుగంటాయంటే మోటార్లు కాలిపోతాయి, మా ఇంట్లో వంటలు ఘనంగా జరుగుతాయి. ఇంట్లో మాతోపాటు మా అత్తగారు ఉంటుంది. ఆమెను గల్లీ మొత్తం అమ్మీ అనే పిలుస్తుంది, నేను కూడా. మేం మాట్లాడుకునేది సగం దక్కనీ ఉర్దూ, సగం తెలుగు. మీకోసం అంతా తెలుగులోనే పెడుతున్నాను.

ఇక అసలు సంగతి. పెళ్లిలో మా అమ్మ పెట్టిన బంగారం నా దగ్గర ఉంది. షరియత్ చెప్పిన మేరకు సంపద ఉండి, అది ఏడాది పాటు మన దగ్గర నిలిస్తే, అందులో నలభైలో ఒక వంతు పేదలకు ఇచ్చి తీరాలి. అదే జకాత్. మనసైతే ఇచ్చే దానం కాదది. నమాజులాగా, రోజా అనే రమజాన్ ఉపవాసంలాగా తప్పనిసరి. ఆ మాటకు అర్థమే శుభ్రం కావడం, పెరగడం. ఆ వంతు మనది కాదు, పేదలది, మన ఇంట్లో ఊరికే కూర్చుని ఉంది. దాన్ని పంపించేస్తే మిగిలింది శుభ్రమవుతుంది. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. కంఠం దాటి కిందికి దిగలేదని తర్వాత తెలిసింది.

అప్పటిదాకా నా లెక్క మా నాన్నే చూసేవాడు. ఆ ఏడు "ఇగ నీది నువ్వే చూస్కో బేటీ" అన్నాడు. అంతే, నాకు కొమ్ములు మొలిచాయి. అదే వారం ఆడవాళ్ల సభలో ఒకావిడ "జకాత్‌ను అర్హులకు వెతికి ఇవ్వండి" అని బోధించింది. మిగతా ఆడవాళ్లంతా "ఇవ్వండి" అన్న మాట విని ఇళ్లకు వెళ్లారు. నేను మాత్రం "వెతికి" అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

"గింత ఆలోచన దేనికే?" అంది అమ్మీ. "మన గల్లీలనే జమీలా ఆపా ఉన్నది. ఆమెకు ఇయ్యి. జకాత్ అని మాత్రం నోట్లకెల్లి రానియ్యకు. ఈద్ ఖర్చులకు అని చేతుల పెట్టి రా."

జమీలా ఆపా మా ఇంటికి కాస్త అవతల ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. గల్లీలో సగం జాకెట్లు, సల్వార్లు ఆమె కుట్టినవే.

"ఆమెకేం తక్కువ అమ్మీ? ఇంట్ల గంత పెద్ద ఫ్రిజ్ ఉంది. ఎప్పుడు చూడు, ఇస్త్రీ బట్టలు, కండ్లకు సుర్మా!"

"సుర్మా పెట్టుకుంటె ఉన్నోళ్లయిపోతరా? చలికాలం సంది ఆమె ఎవ్వరి ఇంటికి దావత్‌కు వస్తలేదు. ఏదో ఉన్నది. జల్ది ఇయ్యి. రోజాలు మొదలైనయ్."

"సరే, చూసొస్త."

"చూసుడేంది? ఇచ్చి రా."

"చూడకుంట ఎట్ల ఇస్త అమ్మీ? అడ్డమైనోళ్లకు పోతే జకాత్ అయితదా?"

అమ్మీ నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వు టీచర్‌వా, సీఐడీవా?"

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నాలు నాకు తీరికే. ఆ రోజు బడి నుంచి వస్తూ, నగలన్నీ తూకం కోసం, పండుగకు మెరుగు పెట్టించడం కోసం మాకు తెలిసిన కంసాలి దగ్గర వదిలాను. జకాత్ లెక్క పక్కాగా ఉండాలి కదా! మెడలో గొలుసు లేదు, చెవులకు కమ్మలు లేవు, చేతులకు గాజు ముక్క కూడా లేదు. ఆ బోసి మెడతోనే, నీరసంతో వేలాడుతున్న మొహంతో, సరాసరి జమీలా ఆపా ఇంటికి తనిఖీకి వెళ్లాను. పాఠకులారా, ఆ బోసి మెడను కొంచెం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

"రా బేటా, రా. గీ ఎండలొచ్చినవేంది?" అంటూ చాప పరిచింది ఆపా.

నేను కూర్చుంటూనే నాలుగు మూలలూ చూశాను. ఇల్లు అద్దంలా ఉంది. ఫ్రిజ్ నిటారుగా నిలబడి ఉంది. ఎప్పుడూ కిటికీ దగ్గర ఉండే కుట్టు మిషన్ మాత్రం కనిపించలేదు. 'చూశావా, మిషన్ తీసి పక్కన పెట్టేసింది. పండుగ ముందు కూడా పనిచేయాల్సిన అవసరం లేనంత ఉందన్నమాట' అనుకున్నాను. నా తెలివి చూసి నాకే ముచ్చటేసింది.

ఆదాయం ఎంత అని మొహం మీద అడగలేం. అందుకని సన్నగా మొదలుపెట్టాను.

"ఈ దినాలల్ల ఇల్లు నడుపుడు మస్తు కష్టమైతుంది కద ఆపా?"

ఆమె నా మెడ వైపు ఒకసారి చూసింది. తర్వాత చెవుల వైపు చూసింది. "అవ్ బేటా. కష్టమే. అల్లా నడిపిస్తుండు. హమీద్ దుకాణం ఎట్లుంది?"

మా ఇళ్లలో ఒక అలవాటుంది. దుకాణం కళకళలాడుతున్నా సరే, ఎవరైనా అడిగితే బాగుందని చెప్పం. దిష్టి తగులుతుందని భయం. అందుకని నేను మామూలుగానే ఒక నిట్టూర్పు విడిచి, "ఏం దుకాణం ఆపా, ఏదో అంతంతే" అన్నాను.

"అయ్యో," అంది ఆపా.

నేను ఇంకొంచెం ముందుకు జరిగాను. "ఆపా, ఒక మాట అడుగుత. ఎవరన్న కష్టంల ఉండి... ఇంకొకరు సాయం జేస్తే... తీస్కునుడు తప్పు కాదు కద?"

ఆపా కళ్లు చెమ్మగిల్లాయి. నా చేయి పట్టుకుంది. "తప్పెట్లయితది బేటా? ఉన్నోళ్ల దాంట్ల లేనోళ్లకు హక్కున్నది. సిగ్గు పడొద్దు. జరా సుత సిగ్గు పడొద్దు."

'ఎంత చక్కగా చెప్పింది' అనుకున్నాను. అర్థమైంది మాత్రం సున్నా.

ఇక మిగిలింది ఫ్రిజ్. లోపల ఏముందో చూస్తే సగం పరీక్ష అయిపోయినట్టే. ఉపవాసంలో మంచినీళ్లు అడగలేను కాబట్టి ఒక అబద్ధం అల్లాను. "ఆపా, ఇఫ్తార్‌కు జర ఐసుంటే ఇస్తవా? మా ఫ్రిజ్ ఖరాబైంది."

"ఫ్రిజ్ సుతనా?" అని గుండె మీద చేయి వేసుకుంది ఆపా. వెంటనే ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడి, "ఐసు... ఇయ్యాల కాలే బేటా. గడ్డ కట్టలే" అని తడబడింది. తలుపు మాత్రం తీయలేదు.

నాకు ఒళ్లు మండింది. అంత పెద్ద ఫ్రిజ్ పెట్టుకుని, రోజా ఉన్న మనిషికి పిడికెడు ఐసు ఇవ్వడానికి చేతులు రాలేదు! ఇంటికొచ్చి అమ్మీకి ఫలితాలు ప్రకటించాను.

"ఫెయిల్ అమ్మీ. ఆమె అర్హురాలు కాదు. పైగా పిసినారి."

"ఫెయిలా? ఎవ్వరు?" అంది అమ్మీ. ఆ ప్రశ్నలో ఉన్న చురక అప్పుడు నాకు తగల్లేదు.

ఆ తర్వాత నేను ఊరిమీద పడ్డాను. ఒకరింటికి వెళ్తే వాకిట్లో బండి ఉంది, ఫెయిల్. ఇంకొకరి చేతిలో టచ్ ఫోన్ ఉంది, ఫెయిల్. మరో ఇంట్లో కోడికూర వాసన వచ్చింది, పక్కింటి నుంచి వచ్చిందేమో అని కూడా ఆలోచించకుండా ఫెయిల్ చేశాను. నా జకాత్‌ను అందుకోవడానికి తగినంత గొప్ప పేదరికం ఊళ్లో ఎక్కడా దొరకలేదు. రోజాలు ఒక్కొక్కటే గడిచిపోతున్నాయి. డబ్బు బీరువాలో హాయిగా పడుకుని ఉంది.

మా ఇంట్లో మాత్రం ఒక వింత మొదలైంది. నేను తనిఖీ చేసొచ్చిన మరునాటి నుంచే ఇఫ్తార్ ముందు జమీలా ఆపా స్టీలు డబ్బాలో ఐసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేది. "ఇయ్యాల బాగ గడ్డ కట్టింది బేటా" అని ఇచ్చి, లోపలికి కూడా రాకుండా వెళ్లిపోయేది. నిక్షేపంగా పనిచేస్తున్న మా ఫ్రిజ్‌లో ఆ ఐసు పెట్టుకునేదాన్ని. అక్కడ పెట్టేటప్పుడైనా సిగ్గు రాలేదా అని మీరు అడగవచ్చు. రాలేదు. 'మొన్న ఇవ్వనందుకు ఇప్పుడు మనసు పీకుతున్నట్టుంది' అనుకున్నాను.

పండుగ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం గుడ్డ కప్పిన గంప తెచ్చింది. అందులో బియ్యం, సేమియా, కొన్ని ఖర్జూరాలు ఉన్నాయి.

"మా ఇంట్ల ఎక్కువైనయ్ బేటా. ఒక్కదాన్నే, పురుగు పడతది. మీరు తింటె నాకే పుణ్యం, సవాబ్ వస్తది," అని గంప గుమ్మంలో పెట్టి, నా మొహం కూడా చూడకుండా వెళ్లింది.

"చూసినవా అమ్మీ? పురుగు పడేటంత ఉన్నయట!" అన్నాను గెలిచినట్టు.

హమీద్ ఆ బియ్యంతో చేసిన పులావు రెండుసార్లు వడ్డించుకున్నాడు. "జమీలా ఆపా బియ్యం మస్తున్నయ్, ఏ దుకాణంల తెచ్చిందో అడుగు" అన్నాడు. అమ్మీ మాత్రం పళ్లెంలో చేయి పెట్టి ఆలోచిస్తూ కూర్చుంది.

చివరికి వెతికి వెతికి నేనే అలసిపోయాను. పండుగ ముంచుకొస్తోంది. డబ్బును ఒక పచ్చ జరీ ముక్కలో పెట్టి, నేనే చేత్తో సంచీలాగా కుట్టి, హమీద్‌కు ఇచ్చాను. పేరు చెప్పకుండా మసీదులోని జకాత్ పెట్టెలో వేసొచ్చాడు. సదర్ సాబ్ ఎవరికో ఒకరికి ఇచ్చుకుంటాడు, నా పీడ వదిలింది అనుకున్నాను. చూశారా, ఇతరుల హక్కును నేను పీడ అనుకున్నాను.

తూకం చీటీ ఎప్పుడో వచ్చింది కానీ, మెరుగు పెట్టిన నగలు కంసాలి దగ్గర నుంచి మరునాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాయి. పండుగ బట్టల మీదికి ఎలా ఉంటాయో చూద్దామని అన్నీ ఒకేసారి దిగేసుకుని అద్దం ముందు తిరుగుతున్నాను. తలుపు చప్పుడైంది. అలాగే వెళ్లి తీశాను.

గుమ్మంలో సదర్ సాబ్. చెప్పులు విడిచి, తల దించుకుని, నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

"బేటీ, ఏమనుకోకు. గిది తీస్కో. ఎవ్వరికి తెల్వదు. నేను, అల్లా, అంతే."

చాచిన చేతిలో పచ్చ జరీ సంచీ ఉంది. నా కుట్టు ఎలాంటిదంటే ఒకసారి చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. వంకర గీతలన్నీ నావే.

"సదర్ సాబ్, మీరు పొరపాటున వచ్చిన్రు," అన్నాను.

"పొరపాటేం లేదు బేటీ. నీ పరిస్థితి నాకు తెల్సింది. హమీద్ దుకాణం నడుస్తలేదు. ఒంటి మీది బంగారం పోయింది. ఆఖరికి ఫ్రిజ్ సుత..."

అంటూ తలెత్తాడు. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది. గొలుసు, హారం, కమ్మలు, గాజులు, ఉంగరాలు, నేను మొత్తం ఎండలో మెరిసిపోతున్నాను. లోపలి నుంచి మా ఫ్రిజ్ కూడా సమయం చూసుకుని గుర్రుమంది.

"గిది..." అన్నాడు సదర్ సాబ్ వేలు చూపించి, ఎంతో ఆశగా. "గిల్టు నగలా బేటీ?"

"అసలుదే సదర్ సాబ్," అన్నాను. ఆ నెల మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే అనుకుంటాను.

ఆయన మొహంలో రంగులు మారాయి. "మరి జమీలా ఆపా గట్ల చెప్పిందేంది? నేను ఇప్పుడే గీ సంచీ ఆమెకే ఇద్దామని పోయిన. చలికాలంల జ్వరమొచ్చి జహీరాబాద్ దవాఖానల పడ్డది కద, అప్పుడు కుట్టు మిషన్ అమ్ముకున్నది. గీ పైసలతోని మిషన్ కొనుక్కో ఆపా అన్న. ఆమేమో, ఇగ కొంటే ఏమొస్తది, ఈద్ బట్టలన్ని వేరేటోళ్లు కుట్టేసిన్రు, నాకంటె కష్టంల షాహీన్ టీచర్ ఉన్నది, ముందు ఆమెకు ఇయ్యిన్రి అన్నది. నన్ను నిలబడనియ్యలే, ఎంటనే పంపింది."

అంతా ఒక్క ఊపులో చెప్పేశాక, చెప్పకూడని ఇంటి గుట్టు చెప్పానని ఆయనకు తట్టింది. "తౌబా, తౌబా" అంటూ సంచీ నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. చెప్పులు మా గుమ్మం ముందే ఉండిపోయాయి.

జమీలా ఆపా చలికాలం నుంచి దావత్‌లకు ఎందుకు రాలేదో, మిషన్ ఎందుకు కనిపించలేదో, అప్పుడు అర్థమైంది. రోజాలు మొదలైన రోజే నేను ఆ డబ్బు ఇచ్చి ఉంటే మిషన్ వచ్చేది. దర్జీ పనిచేసేవాళ్లకు పండుగ ముందు రోజులే ఏడాది తిండి. ఆ రోజులన్నీ నేను ఊరి ఇళ్లలో వాసనలు చూస్తూ తిరిగాను. అంత సిగ్గు నాకు ముందెప్పుడూ రాలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అమ్మీ అంతా వింది. తిట్టలేదు. "నగలు తీసి పోతవా, పెట్టుకుని పోతవా?" అని మాత్రం అడిగింది.

"పెట్టుకునే పోత," అన్నాను. "ఒకసారి బోసి మెడతోని పోయినందుకే గింత అయింది."

జమీలా ఆపా గుమ్మంలో కూర్చుని, ఎవరి చీరకో చేత్తో ఫాల్ కుడుతోంది. నన్ను ఆ అలంకారంలో చూడగానే మొహం వెలిగిపోయింది. "బంగారం విడిపించుకున్నవా బేటా! అల్‌హమ్దులిల్లా!"

ఇక ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. తూకం సంగతి, దుకాణం బాగానే ఉన్న సంగతి, ఫ్రిజ్ అబద్ధం, నిన్ను పరీక్ష చేయడానికే వచ్చాను ఆపా అన్న మాట, అన్నీ. ఆపా సూది పట్టుకున్న చేయి గాలిలో ఆగిపోయింది. నన్ను వెళ్లగొడుతుంది అనుకున్నాను. అలా చేసినా బాగుండేది.

ఆమె లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల మడతపెట్టిన బట్టలు, బియ్యం డబ్బా, దారపు ఉండలు ఉన్నాయి.

"గిది ఖరాబై ఎన్నో ఏండ్లయింది. అల్మారా లెక్క వాడుతున్న," అంది. "నువ్వు ఐసు అడిగేసరికి నా ప్రాణం పోయినంత పనైంది."

"మరి రోజూ తెచ్చిన ఐసు?"

"బజార్ల కొన్న. రోజా ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే లేదని ఎట్లంట?"

నేను భూమిలోకి కుంగిపోతుంటే, ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "అవ్ గని, నేను తెచ్చిన బియ్యం, సేమియా ఏం జేసిన్రు?"

"తిన్నం ఆపా."

"అందరా?"

"హమీద్ రెండుసార్లు వేస్కుండు."

ఆపా నోటి మీద చేయి పెట్టుకుంది. "యా అల్లా! గది నా ఫిత్రా!"

ఫిత్రా అంటే పండుగ నమాజుకు ముందే పేదవాళ్లకు చేరాల్సిన ధాన్యం. వాళ్లూ పండుగ పూట కడుపునిండా తినాలని తలకింత చొప్పున ఇచ్చేది. ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. మిషన్ అమ్ముకున్న మనిషి తన వంతు మానకుండా తీసి పెడితే, ఒంటి నిండా బంగారం ఉన్న మేము పులావు చేసుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాం.

"ఇప్పుడేం జెయ్యాలె ఆపా?"

"ఏం జేస్తవ్? గంత బియ్యం, సేమియా ఎవరన్న లేనోళ్లకు ఇయ్యి. నా ఫిత్రా నేను మళ్ల ఇచ్చుకుంట," అంది. అంతలో ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది. "హమీద్ రెండుసార్లు వేస్కున్నడా!" అని గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వచ్చి ఉంటే ఇంకా సిగ్గుచేటు.

సంచీ ఆమె ముందు పెట్టాను. ఈద్ ఖర్చులకు అని చెప్పే మొహం ఎలాగూ లేదు. "జకాత్ ఆపా. నీది. ముందే ఇయ్యాల్సింది. తీస్కుంటవా?"

ఆమె మొహమాటపడలేదు. సంచీ తీసుకుని, నా కుట్టును తిప్పి తిప్పి చూసి, కొంగున కట్టుకుంది. "నా హక్కు నేను తీస్కుంట. ఇగ ఈద్ పని పోయింది గని, పెండ్లిళ్ల సీజన్‌కన్న మిషన్ వస్తది."

నేను లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆమె మాట వినిపించింది. కోపంగా లేదు, ఊరికే తనలో తాను అనుకున్నట్టు ఉంది. "నీ ఇంట్ల ఏమున్నది, ఏం లేదని నేను చూడనీకె రాలే బేటా. నీ మొహం జూసిన, ఇచ్చిన. తప్పే అయింది అనుకో."

ఆ ఏడు పండుగ రోజున గల్లీలో అందరికంటే పాత చీరలో ఉన్నది ఆమే. సేమియా పాయసం మాత్రం మా ఇంటికి ముందుగా వచ్చింది ఆమె ఇంటి నుంచే. ఈసారి తినవచ్చా అని అడిగి మరీ తిన్నాం.

కావున షాహీన్ టీచర్ అనే నేను, గల్లీ పెద్దలందరి ఎదుట ప్రమాణం చేయునది ఏమనగా: ఇకపై జకాత్ రోజున నా నగలను తప్ప ఎవరి ఇంటినీ తూకం వేయను. ఇవ్వాల్సింది రమజాన్ నెల మొదలయ్యే లోపే ఇచ్చేస్తాను. ఎవరి పేదరికానికీ మార్కులు వేయను. జకాత్ పరీక్ష అసలు ఇచ్చేవాళ్లకే పెట్టారని, ఆ నెలంతా పరీక్ష రాసింది నేనేనని ఆలస్యంగా తెలుసుకున్నాను. నాకు ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రం అడగకండి. ఆ పేపర్ దిద్దేది నేను కాదు.